అమెరికాలో మతం నిజంగా తగ్గిపోతోందా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. ఒహాయోలో చదువుకుంటున్న మీ అబ్బాయి అక్కడ చర్చిలు మూతపడి అమ్మకానికి వస్తున్నాయని, తోటి విద్యార్థుల్లో దేవుడి ఊసెత్తేవారే కనిపించరని చెబుతున్నాడు. మీరు టీవీ పెడితే అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో బైబిలు, డాలరు నోటు మీద దేవుడి పేరు, నాయకుల ప్రసంగాల చివర "దేవుడు అమెరికాను దీవించుగాక" అన్న మాట. ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి, అమెరికా భక్తి ఉన్న దేశమా, భక్తిని వదులుకున్న దేశమా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ అబ్బాయి చూస్తున్నది నిజం. అమెరికా ప్రజాజీవితంలో మతానికున్న చోటు గత ముప్ఫై ఏళ్ళలో బాగా కుదించుకుపోయింది. మీరు టీవీలో చూస్తున్నదీ అబద్ధం కాదు. అందులో కొంత పాత ఆనవాయితీ, కొంత నేటి రాజకీయం. దేవుడి మీద నమ్మకం తగ్గిన దానికంటే ఒక సంఘంలో సభ్యులుగా ఉండడం చాలా ఎక్కువగా తగ్గింది. సభ్యులు తగ్గేకొద్దీ, మిగిలినవారిలో ఒక వర్గం గొంతు రాజకీయాల్లో పెరిగింది. దూరం నుంచి చూసేవారికి ఆ గొంతే వినిపిస్తుంది. చర్చిల్లో ఖాళీ అయిన బల్లలు అక్కడ ఉన్నవారికే కనిపిస్తాయి.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత కూడా చెప్పాలి. నేను గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టాను, లూథరన్లు ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ. పెన్సిల్వేనియాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా చాప్లిన్‌గా పనిచేస్తున్నాను. ప్రాణం మీదికి వచ్చిన రోగికి, ఆ కుటుంబానికి ఆధ్యాత్మికంగా తోడు ఉండడం మా ఉద్యోగం. రోగిది ఏ మతమైనా, అసలు మతమే లేకపోయినా వెళ్ళాలి. మా మతంలోకి రమ్మని ఎవరినీ అడగకూడదు. కాబట్టి ఈ మార్పును నేను పుస్తకాల్లో చదివిన దానికంటే మంచాల పక్కన చూసిందే ఎక్కువ.

ముందు అంకెలు చూద్దాం. ఏదైనా ప్రార్థనా మందిరంలో మీరు సభ్యులా అని గ్యాలప్ సంస్థ 1937లో మొదటిసారి అడిగినప్పుడు 73 శాతం మంది అవునన్నారు. ఆ తర్వాత యుద్ధాలు వచ్చాయి, టీవీ వచ్చింది, 1960ల యువజన తిరుగుబాటు వచ్చింది. అయినా 1999లో కూడా ఆ అంకె 70 శాతం దగ్గరే ఉంది. అక్కడి నుంచి జారడం మొదలై 2020 నాటికి 47 శాతానికి వచ్చింది. కొలవడం మొదలుపెట్టాక సగానికి దిగువకు పడడం అదే మొదటిసారి. ప్యూ పరిశోధన సంస్థ చేసే భారీ సర్వేలో 2007లో 78 శాతం మంది క్రైస్తవులమని చెప్పుకుంటే 2023-24లో 62 శాతం మంది చెప్పుకున్నారు. ఏ మతమూ లేదన్నవారు 16 శాతం నుంచి 29 శాతానికి పెరిగారు.

వయసులవారీగా చూస్తే మీ అబ్బాయి మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఇదే సర్వేలో అందరికంటే పెద్ద వయసువారిలో, అంటే 74 ఏళ్ళు దాటినవారిలో, దాదాపు 80 శాతం మంది క్రైస్తవులు. 18 నుంచి 24 ఏళ్ళవారిలో 46 శాతమే. మీ అబ్బాయి తరగతి గదిలో కూర్చునేది వీళ్ళతో. నేను ఆసుపత్రిలో ఎక్కువగా చూసేది ఆ పెద్దవాళ్ళను. ఒకే దేశంలో ఉంటూ మేమిద్దరం రెండు వేర్వేరు కాలాల మనుషుల మధ్య తిరుగుతున్నాం.

ఇక్కడ మన తెలుగువాళ్ళు తరచూ పొరబడే విషయం ఒకటుంది. మన దగ్గర మతం పుట్టుకతో వస్తుంది. గుడి మెట్లు ఎక్కి పదేళ్ళయినా హిందువు హిందువే, జనాభా లెక్కల్లో ఆ గడి మారదు. అమెరికాలో, ముఖ్యంగా ప్రొటెస్టెంట్లలో, అంటే పోపు అధికారాన్ని ఒప్పుకోని క్రైస్తవుల్లో, మతమంటే ఫలానా వీధిలోని ఫలానా సంఘం. ఆ సంఘం రిజిస్టరులో మీ పేరుంటుంది. ఏడాదికి ఇంత కానుక ఇస్తానని మాట ఇస్తారు. మీ పిల్లలు అక్కడే సండే స్కూలుకు వెళతారు. మీకు జబ్బు చేస్తే ఆ సంఘంవాళ్ళే వంతులు వేసుకుని వారం రోజులు భోజనం తెచ్చిపెడతారు. అక్కడ "మతం వదిలేశాను" అంటే ఎక్కువ సందర్భాల్లో ఈ అల్లిక అంతటి నుంచి బయటికి వచ్చేశానని అర్థం, దేవుడు లేడని తేల్చేశానని కాదు. ప్యూ సర్వేలోనే 83 శాతం మంది దేవుడినో, విశ్వమంతా నిండిన ఏదో ఒక శక్తినో నమ్ముతామన్నారు. తమను తాము నాస్తికులుగా చెప్పుకున్నవారు 5 శాతమే. ఏ మతమూ లేదన్న వారిలో ఎక్కువమంది "ప్రత్యేకంగా ఏదీ కాదు" అనేవారు.

ఆసుపత్రిలో చేరేటప్పుడు మతం ఏమిటని అడిగి ఒక గడి నింపుతారు. ఒకప్పుడు మా దగ్గర ఆ గడిలో మెథడిస్టు, కాథలిక్, లూథరన్, ప్రెస్బిటేరియన్ అని క్రైస్తవ శాఖ పేరు ఉండేది, చాలామందికి పాస్టరు పేరు కూడా రాసి ఉండేది. మేము ఆ పాస్టరుకు ఫోన్ చేసేవాళ్ళం, సాయంత్రానికల్లా ఆయన వచ్చేవారు. ఇప్పుడు అదే గడిలో "ఏదీ లేదు" అన్న మాట చాలా తరచుగా కనిపిస్తుంది. అలా రాయించుకున్న వారి గదిలోకి వెళ్ళి ఎలా ఉన్నారని అడిగితే, నేను చాప్లిన్‌నని తెలిశాక, చాలామంది పొమ్మనరు. కూర్చోమంటారు. తర్వాత మెల్లగా, నాకోసం ప్రార్థన చేస్తారా అని అడిగేవారూ ఉన్నారు. అసలు నమ్మకం లేనివాళ్ళూ ఉంటారు. వాళ్ళు తమ జీవితం గురించి, విడిపోయిన కొడుకు గురించి మాట్లాడతారు, నేను వింటాను. రెండూ నా పనే.

ఒక గది నాకు బాగా గుర్తుంది. తొంభైకి దగ్గరపడిన ఒకావిడ, మతిమరుపు ముదిరి కూతురి పేరు కూడా మర్చిపోయారు. శ్వాస నెమ్మదిస్తోంది. కూతురు అడిగితే నేను ప్రభువు నేర్పిన ప్రార్థన, మన "పరలోకమందున్న మా తండ్రీ", ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రెండో వాక్యానికి ఆ పెద్దావిడ పెదవులు కదిలాయి. మాట బయటికి రావడం లేదు కానీ ఒక్క పదం కూడా తప్పిపోకుండా నాతోపాటే నడిచాయి. కూతురికి సగం వచ్చు, మిగతా సగం నా గొంతు వెనక గొణుక్కుంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ మనవలు ముగ్గురూ పెద్దవాళ్ళే, ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మమ్మ చేయి నిమురుతున్నారు, కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు, కానీ ఆ ప్రార్థనలో ఒక్క ముక్క వారికి తెలియదు. ప్రేమకు లోటు లేదు. ఆ సమయంలో అందరూ కలిసి పలకడానికి ఒక మాట లేదు. అంకెల్లో తరాల తేడా అని మనం చదివేది ఒక గదిలో ఇలా ఉంటుంది.

ఇప్పుడు మీరు చెప్పిన డాలరు నోటు, ప్రమాణం సంగతి. వీటిలో చాలావరకు మనం అనుకునేంత పాతవి కావు. దేవుడిని నమ్ముతున్నామనే వాక్యం 1864లో, అంతర్యుద్ధ కాలంలో, మొదట నాణెం మీదికి వచ్చింది. కాగితం నోట్ల మీదికి వచ్చింది 1957లో. అంతకు ముందు ఏడాదే దాన్ని జాతీయ నినాదం చేశారు. బడిపిల్లలు జెండాకు చేసే ప్రతిజ్ఞలో "దేవుని కింద" అన్న మాట చేర్చింది 1954లో. అది సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధ కాలం. అవతలివాళ్ళు దేవుడు లేడనేవాళ్ళు, మనం దేవుడున్నాడనేవాళ్ళం అని గీత గీసి చూపించుకోవాల్సిన అవసరం వచ్చింది. ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాకే, 1953 ఫిబ్రవరిలో, బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాన్ని దేవుడి దీవెనతో ముగించడం 1980లలో అధ్యక్షుడిగా ఉన్న రేగన్ కాలం నుంచే రివాజుగా స్థిరపడింది.

రాజ్యాంగం మాత్రం మొదటి నుంచీ జాగ్రత్తగానే ఉంది. ప్రభుత్వ పదవికి మతపరమైన పరీక్ష పెట్టకూడదని అసలు రాజ్యాంగంలోనే రాశారు. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదని, మతాచరణకు అడ్డు రాకూడదని 1791లో మొదటి సవరణ చెప్పింది. ప్రమాణానికి బైబిలు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్ చట్టాల పుస్తకం మీద ప్రమాణం చేశారు. 2025లో ట్రంప్ ప్రమాణం చేసేటప్పుడు భార్య బైబిళ్ళు పట్టుకుని పక్కనే ఉన్నా, ఆయన వాటి మీద చెయ్యి పెట్టలేదు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా భగవద్గీత మీద ప్రమాణం చేశారు. కాబట్టి ప్రమాణంలో కనిపించే పుస్తకాన్ని బట్టి ఒక దేశపు భక్తిని అంచనా వేయకండి.

మరి 1950లలో చర్చిలు నిండి ఉండేవి కదా, అదంతా భక్తి కాదా అని అడగవచ్చు. భక్తి ఉంది. దానితోపాటు సామాజిక అవసరమూ ఉంది. చిన్న పట్టణంలో బ్యాంకు అప్పు కావాలన్నా, కొత్తగా దుకాణం తెరిచినా, ఆదివారం ఫలానా చర్చిలో నలుగురికీ కనిపించడం పరపతి. కనిపించకపోతే అడిగేవారు. మా రోగుల్లో ఆ కాలంవారు ఈ మాట దాపరికం లేకుండా చెబుతారు. చట్టం కూడా ఆదివారానికి కాపలా కాసేది. చాలా రాష్ట్రాల్లో ఆ రోజు దుకాణాలు తెరవకూడదు. 1961లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాలు చెల్లుతాయని చెప్పింది. న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీలో ఇప్పటికీ ఆ నియమం ఉంది. ఆ కౌంటీలోని పరామస్ ఊళ్ళో పెద్ద పెద్ద మాల్స్ ఉన్నాయి. మన తెలుగువాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆదివారం బట్టలు కొందామని వెళ్ళి, తలుపులు మూసి ఉండడం చూసి వెనక్కి వస్తుంటారు.

మిగతా దేశంలో ఆదివారం ఎప్పుడో కరిగిపోయింది. పిల్లల సాకర్ పోటీలు ఆ ఉదయమే పెడతారు. గోదాముల్లో, ఆసుపత్రుల్లో, రెస్టారెంట్లలో అది మామూలు పనిదినం. మా పెన్సిల్వేనియాలోనే ఒక తపాలా ఉద్యోగి, ఆదివారం దేవుడిదని నమ్మి, ఆ రోజు అమెజాన్ పార్సిళ్ళు పంచనన్నాడు. ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన వైపు మొగ్గి, ఉద్యోగి మతాచరణకు వెసులుబాటు ఇవ్వనంటే యజమాని గట్టి కారణమే చూపాలని చెప్పింది. ఆలోచించండి. ఒకప్పుడు రాష్ట్రం మొత్తం మూసి ఉంచిన రోజును, ఇప్పుడు ఒక మనిషి తన ఒక్కడి కోసం దక్కించుకోవడానికి అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చింది. ప్రజాజీవితంలో మతం చోటు తగ్గడమంటే ఏమిటో నాకు ఈ కేసు చెప్పినంత స్పష్టంగా ఏ సర్వే చెప్పలేదు. అన్నట్టు, ఆ తీర్పు క్రైస్తవులకే కాదు, పండగకు సెలవు అడిగే మన పిల్లలకూ పనికొస్తుంది.

కారణాల సంగతి. చర్చిల్లో మీకు ఎక్కువగా వినిపించే జవాబు, 1962, 1963 తీర్పుల్లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల నుంచి ప్రార్థననూ బైబిలు పఠనాన్నీ తీసేసింది కాబట్టి దేశం ఇలా అయిందని. నేను దీంతో ఏకీభవించను. కోర్టు ఆపింది ప్రభుత్వం రాసిచ్చి చదివించే ప్రార్థనను. పిల్లవాడు తనంతట తాను ప్రార్థించుకోవడాన్ని ఎవరూ ఆపలేదు. పైగా ఆ తీర్పుల తర్వాత ముప్ఫై అయిదేళ్ళ పాటు సభ్యత్వం అంకె పెద్దగా కదలనేలేదు. బడి ప్రార్థనే మూలమైతే అంత ఆలస్యం ఎందుకైనట్టు?

కదిలింది 1990లలో. అప్పటిదాకా ఏ మతమూ లేదనేవారు ఏడు శాతం దగ్గర ఉంటే, ఆ దశాబ్దం ముగిసేసరికి రెట్టింపై 14 శాతానికి చేరారు. మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2002లోనే దీనికి రాజకీయ కారణం చూపించారు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు "మోరల్ మెజారిటీ" అనే సంస్థ పెట్టాక, గర్భస్రావం, స్వలింగ సంపర్కం వంటి అంశాల మీద ఇవాంజెలికల్ క్రైస్తవులు, అంటే బైబిలు మాటకూ వ్యక్తిగత మారుమనస్సుకూ పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లు, రిపబ్లికన్ పార్టీతో గట్టిగా కలిశారు. క్రైస్తవుడంటే ఫలానా పార్టీవాడు అన్న ముద్ర పడింది. ఆ రాజకీయం నచ్చని మధ్యేమార్గ, ఉదారవాద యువతరం, దేవుడితో తగాదా లేకపోయినా, ఆ పేరు మాకొద్దని పక్కకు జరిగింది. ఆసుపత్రిలో నాతో మాట్లాడే యాభై ఏళ్ళ లోపువారి మాటల్లో నేను ఎక్కువగా వినే కారణం ఇదే. "మా పాస్టరు ఎవరికి ఓటు వేయాలో చెప్పడం మొదలుపెట్టాక వెళ్ళడం మానేశాం" అన్న మాట రకరకాల గొంతుల్లో విన్నాను.

రెండోది నమ్మకద్రోహం. 2002లో బోస్టన్‌లో కాథలిక్ గురువులు పిల్లల మీద చేసిన లైంగిక అత్యాచారాలు, వాటిని పైవాళ్ళు ఏళ్ళ తరబడి కప్పిపుచ్చి ఆ గురువులను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చిన తీరు పత్రికలకెక్కాయి. తర్వాత ఊరూరా అవే కథలు బయటపడ్డాయి. ప్రొటెస్టెంట్లలో అతి పెద్దదైన సదరన్ బాప్టిస్టు సమాఖ్యలోనూ ఫిర్యాదు చేసినవారిని నాయకత్వం ఏళ్ళపాటు తొక్కిపెట్టిందని 2022లో విచారణ నివేదిక తేల్చింది. ఆ సమాఖ్య సభ్యత్వం 2006లో కోటి 60 లక్షలు దాటి ఉండేది, ఇప్పుడు కోటి 30 లక్షల లోపు. తగ్గుదలంతా దీనివల్లేనని అనను. కానీ ఒక తల్లి తన బిడ్డను ఏ చేతుల్లో పెట్టిందో ఆ చేతులే ద్రోహం చేశాక, నమ్మకం గురించి ఆమెకు పాఠాలు చెప్పే హక్కు మాకెవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మిగతా కారణాలను త్వరగా చెబుతాను. పెళ్ళిళ్ళు ఆలస్యమయ్యాయి, పిల్లలు తగ్గారు. చాలామంది పిల్లలు పుట్టాకే చర్చికి తిరిగి వచ్చేవారు, ఆ మలుపే చాలామంది జీవితంలో రావడం లేదు. చదువుకో ఉద్యోగానికో ఊళ్ళు మారడం, ఇంటర్నెట్‌లో ఇతర అభిప్రాయాలు అందుబాటులోకి రావడం, కోవిడ్ కాలంలో తెగిన అలవాటు మళ్ళీ అతకకపోవడం కూడా ఉన్నాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలోని రెండో సగం. మతం ఇంత తగ్గితే రాజకీయాల్లో ఇంత గట్టిగా ఎందుకు వినిపిస్తోంది? తగ్గింది కాబట్టే. 1950లలో ఏ పార్టీవాడైనా చర్చికి వెళ్ళేవాడు, కాబట్టి చర్చికి వెళ్ళడంతో ఎన్నికల్లో ఎవరికీ ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు అది ఒక పక్షానికి గుర్తయింది. శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదికి సుమారు ఎనిమిది మంది వరుసగా ట్రంప్‌కు వేశారు. తమ దేశం తమ చేయి దాటిపోతోందన్న భయం వాళ్ళలో నిజంగా ఉంది. వాళ్ళ మంచాల పక్కన కూడా నేను కూర్చున్నాను, ఆ భయం నటన కాదు. ఆ భయంలోంచే చట్టాలు వస్తున్నాయి. లూసియానా 2024లో ప్రతి ప్రభుత్వ బడి గదిలో బైబిలులోని పది ఆజ్ఞలు పెట్టాలని చట్టం చేసింది, టెక్సాస్ మరుసటి ఏడాది అదే బాట పట్టింది, రెండూ కోర్టుకెక్కాయి. 1980లో ఇలాంటి కెంటకీ చట్టాన్నే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పటి సుప్రీంకోర్టు ధోరణి వేరు. ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరించి ప్రార్థించిన ప్రభుత్వ బడి ఫుట్‌బాల్ కోచ్‌ను 2022లో సమర్థించింది.

అమెరికా పార్లమెంటును, అంటే కాంగ్రెసును, చూసినా ఇదే తేడా. 2025లో కొలువుదీరిన కాంగ్రెసు సభ్యుల్లో దాదాపు 87 శాతం మంది క్రైస్తవులు, ప్రజల్లో 62 శాతమే. ఏ మతమూ లేదని బాహాటంగా చెప్పుకునే సభ్యులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ప్రజల్లోనేమో వాళ్ళు దాదాపు మూడో వంతు. టీవీలో మీరు చూసేది ఈ 87 శాతాన్ని.

పది ఆజ్ఞలను గోడకు వేలాడదీస్తే చర్చిలు నిండుతాయా? నేను క్రైస్తవురాలిని, ఆ ఆజ్ఞలను చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. అయినా నిండవనే అంటాను. సంఘాలు ఖాళీ కావడానికి రాజకీయం ఒక ముఖ్య కారణమైతే, ఇంకాస్త రాజకీయం దానికి మందు ఎలా అవుతుంది?

చర్చి రాజకీయాల్లోకి రావడమే తప్పని మాత్రం నేననను. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరు. 1955-56లో, బస్సుల్లో నల్లవారికి వేరు సీట్లు పెట్టడానికి నిరసనగా, మాంట్‌గొమరీ నగరంలో చేసిన బస్సుల బహిష్కరణ ఏడాదికి పైగా నిలబడిందంటే నల్లజాతి చర్చిలే కారణం. సభ పెట్టుకోవడానికి ఉచితంగా హాలు, ప్రతి ఆదివారం వార్త చేరవేయడానికి వేదిక, బస్సెక్కనివారిని పనికి చేర్చడానికి కార్లు, జైలుకెళ్ళినవారి కోసం కానుకల పళ్ళెం అన్నీ అక్కడే ఉన్నాయి. అలాంటి ఉద్యమం ఈ రోజు పుడితే ఆ హాలు ఎక్కడ దొరుకుతుంది, వారం వారం ఒకరినొకరు చూసుకునే ఆ రెండు వందల మంది ఎక్కడ దొరుకుతారు? ఫోనులో లక్షమందిని ఒక్క రోజు వీధిలోకి పిలవవచ్చు. ఏడాదిపాటు కాళ్ళరిగేలా నడిపించడం వేరే పని. సంఘాలు పోతే పోయేది ఇదీ, భక్తి లేనివారు కూడా దీని గురించి ఆలోచించాలి.

మా లూథరన్ల సంగతి చెబుతాను, ఇందులో గుంటూరుకు సంబంధం ఉంది. పెన్సిల్వేనియా లూథరన్లు పంపితే మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళ కోసం పెట్టిన ఆసుపత్రి గుంటూరులో తెలియనివారు ఉండరు. ఆమెను పంపింది లూథరన్ మహిళా సమాజాలు, చిన్న చిన్న ఊళ్ళ ఆడవాళ్ళు పోగుచేసిన చిల్లర డబ్బులతో. ఇక్కడ మూతపడుతున్న ఒక పల్లె చర్చి సామాను సర్దడానికి సాయం వెళ్ళినప్పుడు వంటగది పక్క అలమారలో ఆ మహిళా సమాజం పాత పద్దు పుస్తకం కనిపించింది. నీలి సిరా, వంకర లేని వరుసలు. పేరు ఎదురుగా పది సెంట్లు, అయిదు సెంట్లు, కొన్ని చోట్ల గుడ్లు అమ్మిన డబ్బు అని రాసి ఉంది. ఒక వరుస పైన "గుంటూరు" అని ఇంగ్లీషు అక్షరాల్లో. అది చూసి నాకు నోట మాట రాలేదు. మా అమ్మమ్మ ప్రసవాలు ఆ ఆసుపత్రిలోనే జరిగాయి. పుస్తకాన్ని సంఘ పత్రాల భాండాగారానికి పంపించమని ఒప్పించాను. ఆ భవనం అమ్ముడుపోయింది. 1988లో ఏర్పడినప్పుడు 50 లక్షలు దాటిన మా సంఘాల సమాఖ్య సభ్యులు ఇప్పుడు 30 లక్షల లోపే. 2019 ఒక్క ఏడాదిలోనే ప్రొటెస్టెంట్ చర్చిలు దేశంలో దాదాపు 4,500 మూతపడ్డాయని, కొత్తగా తెరిచినవి 3,000 మాత్రమేనని లైఫ్‌వే పరిశోధన సంస్థ అంచనా. పిట్స్‌బర్గ్‌లో ఒక పాత కాథలిక్ చర్చిలో 1996 నుంచి బీరు తయారుచేసి అమ్ముతున్నారు, బలిపీఠం ఉన్నచోట రాగి తొట్లున్నాయి. మీ అబ్బాయి చెప్పే అమ్మకాలు ఇలాంటివే.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఈ పతనం ఇలాగే సాగి సున్నాకు చేరుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2020 తర్వాత ప్యూ అంకెలు దాదాపు నిలకడగా ఉన్నాయి, క్రైస్తవులు 60 నుంచి 64 శాతం మధ్యే తిరుగుతున్నారు. అలాగని యువతలో గొప్ప మేల్కొలుపు వచ్చిందని చెప్పేవారి మాటా నమ్మవద్దు, అంకెలు దాన్ని చూపించడం లేదు.

సంస్థలు కూడా మనుషుల కంటే నెమ్మదిగా పోతాయి. ఈ దేశంలో ఆసుపత్రిలో ఉండే ప్రతి ఏడుగురు రోగుల్లో సుమారు ఒకరు కాథలిక్ ఆసుపత్రిలో ఉన్నట్టే. ఈ తరం పిల్లలు వదిలేసిన విశ్వాసం కట్టిన గోడల మధ్యే వాళ్ళకు వైద్యం జరుగుతోంది.

అన్నిటికంటే ముఖ్యం, తగ్గుతున్నది అందరిలో ఒకేలా కాదు. 1965 వలస చట్టం తర్వాత వచ్చినవారితో మతానికి కొత్త ముఖాలు వచ్చాయి. కొరియన్, నైజీరియన్, మెక్సికన్ సంఘాలు నిండుగా ఉన్నాయి. ఖాళీ అయిన ఇంగ్లీషు చర్చిలో మధ్యాహ్నం అద్దెకు తెలుగు ఆరాధన జరిగే చోట్లు నాకు తెలుసు. పిట్స్‌బర్గ్ శ్రీవేంకటేశ్వర ఆలయం 1970లలో లేచింది. హిందువులు దేశ జనాభాలో ఒక శాతం దగ్గరే ఉన్నా గుళ్ళు పెరుగుతూనే ఉన్నాయి, కొన్ని మొదలైంది కొనుక్కున్న చర్చి భవనాల్లోనే. 2000 సెప్టెంబరులో వాజ్‌పేయి ప్రసంగించిన రోజున ప్రతినిధుల సభను ప్రార్థనతో ప్రారంభించింది ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకులు సముద్రాల వెంకటాచలపతి గారు. ఆ సభలో హిందూ ప్రార్థన అదే మొదటిది. 2007లో సెనేట్‌లో మరో హిందూ ప్రార్థన జరిగినప్పుడు గ్యాలరీలోంచి కొందరు కేకలు వేసి అడ్డుకోబోయారు, వాళ్ళను బయటికి పంపి ప్రార్థన పూర్తిచేయించారు. రెండూ గుర్తుంచుకోండి.

మీ అబ్బాయి ఏ మతాన్నీ దాచుకోనక్కర్లేదు, అక్కడ ఎవరూ సాధారణంగా అడగరు కూడా. కానీ ఒక పని తప్పక చేయమనండి. ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మతం గడిని ఖాళీగా వదలవద్దు. హిందువైతే హిందువని, ఏదీ లేకపోతే ఏదీ లేదని రాయించాలి. శాకాహారం, మంగళసూత్రమో జంధ్యమో తీయాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలి, ప్రాణం పోతే దేహాన్ని ఎవరు ఎలా తాకాలి వంటివి నర్సులు ఆ గడిని చూసే అడుగుతారు. ఆ వివరం బయటివారికి చెప్పవద్దంటే చెప్పరు. చాప్లిన్‌ను పిలవమని అడగవచ్చు, దానికి డబ్బు తీసుకోరు. నన్ను అడిగితే దగ్గర్లోని గుడి పూజారికి నేనే ఫోన్ చేస్తాను, ఇంతకు ముందు చాలాసార్లు చేశాను. అర్ధరాత్రి అయినా పరదేశంలో ఒంటరిగా పడి ఉన్న పిల్లవాడి దగ్గర వచ్చి కూర్చునే ఉద్యోగం ఒకటి ఉందని చాలామంది మన విద్యార్థులకు తెలియదు.